పచ్చరంగు పూసిన లేత్ మిషన్

నేను ఒక లేత్ మిషన్‌ని. ఇనుప కడ్డీని గిర్రున తిప్పి, నున్నగా చెక్కి, మరలు కోయడం నా పని. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు వృత్తివిద్య నేర్పాలని పలాస దగ్గర ఒక హైస్కూలుకు నన్ను లారీలో తెచ్చారు. నేర్పడమా, నా బొంద! పిల్లలు ముట్టుకుంటే పాడైపోతానని హెడ్మాస్టరుగారు దుప్పటి కప్పి గదికి తాళం వేశారు. దసరాకు మాత్రం బొట్టు పెట్టి దండం పెట్టేవారు.

కొన్నాళ్లకు వృత్తివిద్య చెప్పే సూరిబాబు మాస్టారు వచ్చి ఆ తాళం తీయించారు. పిల్లలందరూ కంప్యూటర్ల వైపు పరుగెత్తితే, నా దగ్గరికి వచ్చింది పదో తరగతి నూకరత్నం ఒక్కతే. ఆ పిల్లంటే నాకు ప్రాణం. నా చప్పుడు కాస్త మారితే చాలు, టక్కున ఆపేసి నూనె వేసేది.

వాళ్లమ్మ దాలమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. ఒకరోజు బడికి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. "ఆడపిల్లకి ఇనప పనేటే? సరే, ఈ మిసను పని పరీచ్చ పాసైతే ఐటీఐకి ఎల్లు. నేకపోతే నాతోటి పిక్కల పనికొచ్చేయాల," అంది.

పరీక్ష పెట్టడానికి బయటినుంచి ఆఫీసరు వస్తున్నాడనగానే హెడ్మాస్టరుగారికి హడావుడి పట్టుకుంది. ముందురోజు, కిటికీలకు వేయగా మిగిలిన పచ్చరంగు నాకూ పూయించారు. ఒంటికి పూసి ఊరుకుంటే బాగుండేది. ఉలి జరిగే పట్టాలకూ, మరలకూ కూడా దట్టంగా పట్టించారు. తెల్లారేసరికి బిగుసుకుపోయాను.

సూరిబాబు మాస్టారు తల పట్టుకున్నారు. "సార్, పరీక్ష రేపటికి మార్పించండి," అని బతిమాలారు.

"ఇంత నిగనిగలాడుతుంటే దీనికేం రోగమయ్యా?" అన్నారు హెడ్మాస్టరుగారు.

నూకరత్నం ఉలిని జరిపే నా చక్రం తిప్పబోయింది. నేను కదల్లేదు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఆ పిల్ల ఏడవలేదు. కిరసనాయిలు గుడ్డా, బ్లేడూ తీసుకుని వంగి రంగు గీకడం మొదలుపెట్టింది. గోళ్ల సందుల్లో పచ్చటి పెచ్చులు. ఆఫీసరు గడియారం చూసుకుంటున్నాడు. ఎట్టకేలకు కదిలాను.

"కదిలిందండి సార్!" అంటూ పకపకా నవ్వింది నూకరత్నం.

"టైమైపోయిందమ్మా," అన్నాడాయన. పరీక్షలో చెక్కమని ఇచ్చిన కడ్డీ ఇచ్చినట్టే ఉంది.

ఆడపిల్లకు చేతకాలేదని ఊరంతా అనుకుంది. నా ఒళ్లు మండిపోయింది. మరుసటి ఏడు ఎవరూ చేరలేదని కోర్సు ఎత్తేసి, నన్ను పాత ఇనుము కొట్టుకు తోలేశారు.

మొన్న పిక్కల పనివాళ్ల ఆటో కొట్టు ముందు ఆగింది. అందులోంచి నూకరత్నం దిగి వచ్చి నా చక్రం పట్టుకుని తిప్పింది. ఈ చివరినుంచి ఆ చివరికి ఎక్కడా పట్టకుండా జరిగాను.

"ఇప్పుడు తిరిగితే ఏటి?" అంది.

ఆటోవాడు హారన్ కొట్టాడు. వెళ్లి ఎక్కింది.