మసి పూసిన గడప

శరదృతువునందలి పూర్ణిమాదినమున సాయంసంధ్యారాగము పశ్చిమదిగంతమున నింకను మాయకమునుపే ప్రాచీశైలశిఖరమునుండి వెడలిన పూర్ణచంద్రబింబము పింగళానదీసైకతములపై వెండిపూత పూయుచు కల్హారపురమందలి సౌధాగ్రములను గుడిసెకప్పులను భేదమెఱుంగక వెన్నెల దడుపుచు మెల్లమెల్లగా మింటికెక్కుచుండెను. వానకారు వెడలిపోయి బురద యారిన వీధులయందు ఇల్లాండ్రు వాకిండ్లు చిమ్మి ముగ్గులు దీర్చుచుండిరి. పిల్లలు గుప్పిళ్లతో మన్ను కొనివచ్చి వెన్నెలకుప్పలాటకు గుంపులు గూడుచు నొకరినొకరు పేరుపేరున బిలుచుకొనుచుండిరి. ఊరెల్ల వాకిట నున్న యట్టి వేళ అద్దకపువీధి తుదనున్న యొక యింటి తలుపుమాత్రము బిగియ మూసియుండెను. ఆ యింటి గడపకును ద్వారబంధమునకును దట్టముగా మసి పూయబడియుండెను.

అంతలో వీధిమొగమున తప్పెట మ్రోగెను. పిల్లల యాట నిలిచిపోయెను. రాజభటుడొకడు ముందు నడువ తప్పెటకాడు ఆ మసిగడప యెదుట నిలిచి నెలనెలయు బలికి నోటికి వచ్చిన మాటలనే మఱల నెలుగెత్తి చాటెను.

“వినుడు వినుడు! ఇది బొల్లన యిల్లు. పరకాంత మానము చెఱచి రాతిగనులలో శిక్ష యనుభవించి వచ్చిన బొల్లన యిల్లు. ఈ గడప ద్రొక్కకుడు. ఈ యింటివారి పొత్తు వలదు. మీ బిడ్డలను ఈ వాకిటికి రానీయకుడు.”

లోపల బొల్లన భార్యయగు కేతసాని తొమ్మిదేండ్ల కూతురు సూరమను ఒడిలోనికి లాగికొని దాని రెండు చెవులను తన యఱచేతులతో నదిమిపట్టెను. ఆ పాప తల్లి చేతులక్రింద కదలక మెదలక గోడవంక జూచుచుండెను. పెరటిపంచలో బొల్లన మోకాళ్లనడుమ తల దూర్చుకొని కూర్చుండెను. కేతసాని యతని క్షమింపలేదు. గనులనుండి తిరిగివచ్చిన నాటనుండి అన్నము పెట్టుటయే కాని పలుకరించుట లేదు. అతడు చెఱచిన యా పడుచును దలచుకొన్నపుడెల్ల నామె చేతిలోని ముద్ద కంచమున విడిచి లేచిపోవుచుండెను. పుట్టినింటికైన బోవుదమన్న మసిగడప దాటివచ్చినదానికి మా యింట చోటు లేదని తోడబుట్టినవాడే మొగము చాటువేసెను. ఇంతకును తన యొడిలోని పసికూన చేసిన నేరమేమో ఎంత యాలోచించినను ఆమెకు బోధపడదయ్యెను.

మసిని చాటింపును విధించు ఈ శాసనము చేసినవారు దుర్మార్గులు కారు. ఆడువారి మానప్రాణములకు రక్షణ కఱవైన యొకానొక దుష్కాలమున ప్రజల కన్నీరు చూడజాలక సదయహృదయులైన పెద్దలే దానిని నెలకొల్పిరి. నేరగాని యునికి ఇరుగుపొరుగులకు దెలియవలెననియు దెలిసినచో బిడ్డలు పదిలముగ నుందురనియు వారి తలంపు. అది మంచి తలంపే. కాని యా గడపకు లోపల మఱికొందఱుందురనియు వారికిని గుండె యుండుననియు ఆ పెద్దలలో నొక్కనికైన స్ఫురింపలేదు. స్ఫురించినను నోరు రాలేదేమో! అట్టివారి పక్షమున బెదవి విప్పినవానిని లోకము ఏమనునో మనకు దెలియనిదా?

కల్హారపురమునకు ఉత్తరమున కొండవాగు చెంత ముసుగుగౌరి గుడి యొకటి కలదు. ప్రతి యమావాస్యనాటి పూర్వాహ్ణమున ఆ నోము పట్టిన స్త్రీలు పసుపువలువలతో మొగములు పూర్తిగ గప్పుకొని గుడి వెనుక మామిడితోపులో కూర్చుందురు. ముసుగు తీయరాదు. పేరడుగరాదు. ఏ వీధిదానవని యడుగరాదు. ఎవ్వరికిని జెప్పుకొనరాని దుఃఖమును దేవికి జెప్పుకొనుటకేర్పడిన నోమది. ఒక యమావాస్యనాడు కేతసాని యేడుపాపుకొనలేక “తల్లీ, మా గడప మసి తుడిచివేయవే” యని పైకే యనివైచెను. ప్రక్కనున్న ముసుగొకటి యులికిపడెను.

“మా గడపకును మసియే అక్కా” యని మాటచివర జీలిపోవు బొంగురుగొంతొకటి మెల్లగా బలికెను.

ఆ నాటనుండి నెలకొకరు నెలకిద్దఱుగ బదిమందికి పైగా అచ్చట జేరిరి. ఒకరి మొగమొకరెఱుగరు. గొంతులే గుర్తులు. వారిలో బొంగురుగొంతుది అందఱికంటె మెత్తనిది. ఎవరు కంటతడి పెట్టినను వెన్ను నిమిరి తోడుగ నేడ్చునది. కేతసానికి బెండ్లియైన పిమ్మట తన యక్కచెల్లెండ్రవలన సైతము లభింపని యోదార్పు ఆ ముసుగు చాటున లభించెను.

శాసనమును మార్పుడని రాజును వేడుకొందమను మాట మొదట కేతసానియే యెత్తెను. అంతవఱకు కలిసి యేడ్చినవారందఱును ఆ మాటతో విడిపోయిరి.

“మా తమ్ముడు వలచిన పిల్లతో వెడలిపోయెను. దాని తండ్రి పగబట్టి కొలువులో ఫిర్యాదు చేసెను. మావాడు మీవారివంటివాడు కాడు” అని సన్ననిగొంతుదొకతె యనెను.

“అందఱును అట్లే చెప్పుదురులే” అని మఱొకతె పెదవి విఱిచెను.

“మా పెనిమిటి నిరపరాధి. మీవాండ్రతో జేర్చి మా పేరేల చదివించుకొందుము?” అని వేఱొకతె లేచి నిలుచుండెను.

ఒక్కొక్కతెకును తన గడప మసి పోవలెననియే కాని తక్కినవారి గడపలపై నది యుండుట యన్యాయమని తోపలేదు. పైపెచ్చు తక్కిన గడపలకు మసి యుండుటయే మేలని కొందఱు లోలోన దలంచిరి. తమ బిడ్డలను వారును గాపాడుకొనవలెను గదా! అపుడు కేతసాని గుండె రాయి చేసికొని పలికెను.

“మావాడు చేసెను. నిజముగనే చేసెను. వానికొఱకు నేనేమియు నడుగను. నా కూతురు వినుచుండగా ఆ మాటలు చాటకుడని మాత్రమే అడుగుదును.”

పిదప బొంగురుగొంతుది కేతసాని చేయి పట్టుకొనెను. “నాకును కొడుకున్నాడక్కా. నీవు మొదట లెమ్ము. నీ వెనుక నేను లేతును. గౌరి కుంకుమ సాక్షి” అని బాస చేసెను. ఆ మీద నొకతె తరువాత నొకతె కుంకుమ నంటి యొట్టు పెట్టిరి. సన్ననిగొంతుదియు బెట్టెను.

ఆ రాజ్యమున శాసనమును మార్పుమని వేడుటకొక పద్ధతి కలదు. వేడువారు ఏడిండ్లవారికి దక్కువ కారాదు. ముసుగు లేక నిండుసభలో నిలిచి తమ పేరును తమ వీధిని తమ విన్నపమును తామే యెలుగెత్తి చాటవలెను. ఒక్కమాఱు వీగిన విన్నపము ఆ రాజు ఏలుబడిలో మఱల వినబడదు. తప్పెటకాడు తమ వీధిలో మాత్రము చాటుదానిని మాన్పించుకొనుటకు వారు పురమంతయు వినుచుండ దమ నోటితో దామే చాటుకొనవలెను. ఈ వింతను గమనించినవారు ఆ గుంపులో లేకపోలేదు.

వెడలిపోవునపుడు కేతసాని “ఒక్కమాఱు ముసుగులు తీసి మొగములు చూచుకొందము. సభలో నొకరినొకరు గుర్తింపవలదా?” యనెను. ఆ మాటకు అందఱు వలువలను మఱింత క్రిందికి లాగికొనిరి. “సభలో నెటులును గనబడుదుము గదా, ఇప్పుడేల?” యని యొకతె యనగా దక్కినవారు అవునవుననిరి. నిజము చెప్పవలెనన్న కేతసాని చేయియు దన ముసుగు నెత్తుటకు లేవలేదు.

సభాదినము వచ్చెను. కూతురిని దలుపు లోపల విడిచి కేతసాని తలకు ముసుగు లేక నాలుగువీధుల నడుమనుండి నడిచి సభామండపము జేరెను. స్త్రీలకేర్పఱచిన వేదిక క్రిక్కిఱిసియుండెను. పూలు ముడిచినవారు బిడ్డలను జంకనెత్తుకొన్నవారు ముత్తైదువలు ముసలివారు అందఱును నోరు మూసికొని కూర్చుండిరి. తనవారు ఎవరో తెలియక ఆమె యొక్కొక్క మొగమును వెదకెను. ఏ మొగమును బలుకలేదు. పలికిననే కదా ఆమె గుర్తింపగలుగుట!

పిలుపు రాగానే ఆమె లేచి నిలుచుండి “నేను కేతసానిని. అద్దకపువీధి. మసిగడప యింటి బొల్లన భార్యను” అని పలికెను. ప్రక్కన గూర్చున్నవారు చీరచెఱగులు దగ్గఱకు దీసికొనిరి.

రాజు పక్షమున విన్నపములు వినెడి ధర్మాధికారి నెఱసిన గడ్డమువాడు. మాట నెమ్మదియైనవాడు. “అమ్మా, తక్కిన యార్గురెక్కడ?” యని యడిగెను.

“ఇచ్చటనే యున్నారు స్వామీ” యని కేతసాని వెనుకకు దిరిగి చూచెను. ఎవ్వరును లేవలేదు. “అక్కలారా” యని పిలిచెను. పేరెఱుగనివారిని అంతకంటె నెట్లు పిలుచును?

కొంతసేపటికి ధర్మాధికారి మఱల నడిగెను. “నీ గడప మసి తుడువుమందువు. ఆ పడుచు బ్రదుకునకు బట్టిన మసి నెవరు తుడుతురమ్మా?”

“ఎవ్వరును దుడువలేరు స్వామీ. ఆ తల్లి నా యెదుటికి వచ్చినచో నేను తలయెత్తి చూడజాలను. నా మగనికై రాలేదు. వాని బిడ్డయై పుట్టినందులకు నా కూతురు ఏ యేటికి ఈ శిక్షనుండి బయటపడునో చెప్పుడని వచ్చితిని.”

ధర్మాధికారి గడ్డము నిమురుకొనెను. ఆ మాట ఆయన హృదయమున నాటెననుటకు సందియము లేదు. ఆ క్షణమున నింక నార్గురు లేచియుండినచో ఏమి జరిగియుండెడిదో చెప్పలేము. లేచుటకు మాఱుగా వేదికమీదినుండి యొక కేక లేచెను.

“వెడలగొట్టుడు దీనిని! బిడ్డలు గలవారి నడుమ గూర్చుండుటకు దీనికి సిగ్గు లేదా?”

మాటచివర జీలిపోవు బొంగురుగొంతది. వెనువెంటనే దాని ప్రక్కనుండి మఱొక గొంతు, ఆ వెనుక వేదికయంతయు గగ్గోలు పెట్టెను. కేతసాని తిరిగి చూచెను. తలనిండ పూలు ముడిచిన చామనచాయ యిల్లాలొకతె వ్రేలెత్తి తనవంక జూపుచుండెను. ఇరువురి కన్నులు గలిసెను. ఒక్కమాట చాలును. ఇదియు మాలో నొకతెయే యని కేతసాని యన్నచో ఆమె వీధికి మాత్రము దెలిసిన యవమానము పురమంతటికిని దెలిసిపోవును. కేతసాని నోరు తెఱచి మఱల మూసికొనెను. ఏడిండ్లవారు లేనందున విన్నపము వీగిపోయెనని ధర్మాధికారి మెల్లగా బలికి వ్రాయసకానివంక జూచి తలయూచెను.

తరువాతి యమావాస్యనాడు ఆమె ముసుగు వేసికొని తోపునకు బోయెను. వారందఱును వచ్చియుండిరి. “అక్కలారా” యని ఆమె పలుకగానే ఒక్కొక్క పసుపుముసుగు లేచి చెట్లచాటునకు దప్పుకొనెను. పురమంతయు నెఱిగిన దానిచెంత గూర్చున్నవారిని పురము రేపెఱుగునని వారి భయము. ఒక్కతె మాత్రము కదలలేదు.

“నన్నేల చూపవైతివక్కా?” యని ఆ ముసుగులోనుండి బొంగురుగొంతు వెడలెను.

“చూపిన నేమి వచ్చును?”

“నా కొడుకు గురువుగారింట జదువుకొనుచున్నాడు. అచ్చట నెవ్వరికిని దెలియదు. నేను లేతుననియే వచ్చితిని, గౌరి యాన. కాని ప్రక్కనున్నామె నా మొగమే చూచుచుండెను. ఊరకున్నచో నేనును వారిలో దాననే యని గ్రహించునని బెదరి యఱచితిని. ఆమె నా వెంటనే యఱచెను. నా యనుమానము నిజమే కాబోలును.”

కేతసాని ఆమె చెంతకు జరిగెను. “నీ వెంట నఱచిన గొంతు సన్ననిది. నీవు నీ భయమున వినలేదు. అదియు మనదే చెల్లీ” యనెను.

ముసుగులోని మనిషి నోటికి జెఱగు కుక్కుకొని యేడ్చుచు లేచిపోయెను. ఆ పిమ్మట ఆ తోపులో ఆ గుంపు మఱల గూడలేదు.

మఱుసటి యేటి కార్తికపూర్ణిమ వచ్చెను. పురమంతయు దీపములతో వెలుగుచుండ దప్పెట యింకను దవ్వుననే మ్రోగుచుండెను. కేతసాని తలుపు మూయుటకని వచ్చి చూడగా సూరమ మసిగడపకు లోపలివైపున మట్టిబొమ్మలను వరుసగ నిలిపి యాడుకొనుచుండెను. చెవులు మూయుటకు దల్లి చేతులు చాచెను. పాప ఆ చేతులను మెల్లగా ద్రోసివైచి నడుము నిలువుగా నిలిచి తప్పెటకాని గొంతుతో ఒక్క యక్షరము తప్పక బొమ్మలకు జెప్పదొడగెను.

“వినుడు వినుడు! ఇది బొల్లన యిల్లు...”