చప్పుడు లేని బండి

ఎర్రగుంట్లలో లారీలు నిలిపే స్థలానికి ఎదురుగా ఓబుళేశుకు పట్టలు కుట్టే అంగడి ఉంది. సిమెంటు లోడు మీద కప్పే పట్ట చిరిగితే డ్రైవర్లు ఆయన దగ్గరికే తెస్తారు. దాన్ని ఆనుకునే సుంకన్న మెకానిక్ షెడ్డు. మధ్యలో ఉండేది ఒక రేకు గోడ. ఈ పక్క దగ్గితే ఆ పక్క వినపడుతుంది.

ఓబుళేశు దగ్గర ఒక పాత మోటారుసైకిలు ఉండేది. కూతురు పుట్టిన ఏడు కొన్న బండి. ఆ కూతురికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఎండాకాలం నుంచి ఇంజనులో డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు మొదలైంది. వెనకాల నీలం పొగ. సుంకన్న ఇంజనుకు చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"బోరు అరిగిపోయిండాది ఓబులా. పైన క్యాము కూడా అట్నే ఉండాది. ఇంజను మొత్తం ఇప్పల్ల. ఇప్పినా లాభం లేదు, బండి కన్నా ఆ పనికే ఎక్కువైతాది."

"అమ్మేస్తా అయితే. ప్రొద్దుటూరులో పాత బండ్లు కొనేటోడు ఒగడుండాడు."

"ఈ మోతతో తీసకపోతే వాడు ఇనుము కింద లెక్కేస్తాడు. నైంటీ పోద్దాం ఉండు."

నైంటీ అంటే లారీల గేరుబాక్సులో పోసే ఆయిలు. బెల్లం పాకంలా చిక్కగా ఉంటుంది, ఘాటు వాసన. ఇట్లాంటి పాత బండికి పోయవలసింది ట్వంటీ ఫిఫ్టీ అనే పలచటి ఆయిలని సుంకన్నకూ తెలుసు, ఓబుళేశుకూ తెలుసు. ఇన్నాళ్లూ పోసింది అదే. నైంటీ పోస్తే అరిగిన సందుల్లో నిలబడి చప్పుడును మింగేస్తుంది, పొగను తగ్గిస్తుంది. కాని అంత చిక్కటిది ఇంజను పైన తిరిగే క్యాము దాకా సరిగా ఎక్కదు. చలికాలం పొద్దున అయితే మరీ కష్టం. పై భాగం తడి లేకుండా తిరిగి తిరిగి ఒకరోజు ఇంజను బిగుసుకుని పట్టేస్తుంది.

"ముసలోని నోట్లో గుడ్డ కుక్కినట్ల," అన్నాడు సుంకన్న ఆయిలు పోస్తూ. "దగ్గు పోదు. పక్కింటోల్లకు ఇనపడదు, అంతే."

"ఎన్ని దినాలొస్తాది?"

"అమ్మేదాంకా వస్తాది. ఆ పైన నీకేంటికి?"

కిక్కు కొడితే బండి మెత్తగా అందుకుంది. అప్పుడే పట్ట తీసుకుపోదామని వచ్చిన ఇద్దరు డ్రైవర్లు చూశారు. "ఏమప్పా ఓబులన్నా, పెండ్లికొడుకు మాదిరి చేస్తివే దీన్ని," అన్నాడు ఒకడు. ఓబుళేశుకు ఉత్సాహం వచ్చింది. "ఏమనుకున్నావ్ మరి. ఒగ మెకానికు చెయ్యి పడలే దీనిమీద. ఇంకా పదేండ్లు తిరుగుతాది," అన్నాడు.

ఆ మాట అంటుండగానే ఏసేపు వచ్చాడు.

ఏసేపుది ఆదోని దగ్గర కోసిగి. రెండేళ్లుగా ఎర్రగుంట్లలో సిమెంటు బస్తాలు ఎత్తే పని చేస్తున్నాడు. పని లేని పూట ఓబుళేశు అంగట్లో కూర్చుని, ఆయన కుడుతుంటే పట్ట అంచు లాగి పట్టుకునేవాడు. ఎవరూ అడగకుండానే, ఊరికే. ఓబుళేశు భార్య నాగలక్ష్మమ్మ సంగటి తెస్తే ఏసేపుకూ ఒక ముద్ద పెట్టేది. ఆ రోజు పని మానుకుని ఊరికి పోతున్నానని చెప్పడానికి వచ్చాడు.

"ఇంగ రాను న్నా. నడుము పనికిరాకుండా పోయె. ఊర్లోనే ప్లాస్టిక్ బిందెలు, బకెట్లు బండిమీద కట్టుకోని ఊరూరా అమ్ముకుంటా. పాత బండి ఒగటి చూడల్ల." అని, మెత్తగా తిరుగుతున్న బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. సీటు మీద చెయ్యి పెట్టాడు. "దీన్ని అమ్మేదుందా న్నా?"

సుంకన్న స్పానరు తుడుచుకుంటూ వేరే వైపు చూశాడు.

ఓబుళేశు బండి ఆపాడు. ఇది ఏసేపుకు చేసిన ఏర్పాటు కాదు. ప్రొద్దుటూరులో ముఖం తెలియని వాడికి చేసింది. ఇప్పుడు వద్దంటే ఎందుకని అడుగుతాడు. పదేండ్లు తిరుగుతాదని విన్న డ్రైవర్లు ఇద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు.

"ఉండాది. అమ్ముదామనే," అన్నాడు.

"నాకే ఇయ్యి న్నా. ఉండే దుడ్లు ఇస్తా. ఈ యేడు సుగ్గికి పోకూడదని మా ఆడమనిషి ఒగటే పోరు."

సుగ్గి అంటే కోసిగి వాళ్లకు వలస. వానలు లేక ఊర్లో పని దొరకనప్పుడు ఇంటికి తాళం వేసి, పిల్లలతో సహా లారీలెక్కి మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతారు. ఎండాకాలం మధ్యలో తిరిగొస్తారు. ఏసేపు కూతురు క్రిస్టినా ఈ యేడు పదో తరగతి. పరీక్షలు సరిగ్గా కాయకోత ముదిరినప్పుడు వస్తాయి. బండి ఉంటే ఇల్లు కదలక్కర్లేదు. పిల్ల పరీక్ష రాస్తుంది. ఏసేపు ఇదంతా నవ్వుతూ చెప్పాడు.

"ఏం ఆయిలు పోస్తాండావు న్నా? నేను గూడా అదే పోస్తా."

"ఇప్పుడే మార్చినాం," అన్నాడు ఓబుళేశు. "ఎండాకాలందాంకా దాని జోలికి పోవాకు."

"అంత దూరం తోలుకోని పోతా. ఆదివారం ఇంట్లో ఉంటా."

"వద్దొద్దు. ఆదోనికి పోయే లారీ ఉండాది. ఏసి పంపిస్తా. అలసిపోతావ్ గదా."

ఏసేపు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆ మాటలో దయ ఎంతో, కోసిగి చేరేలోపే బండి ఆగిపోతుందేమోనన్న భయం ఎంతో ఓబుళేశుకే తెలియదు.

ఆ సాయంత్రం నాగలక్ష్మమ్మ అంగడి ముందు ఖాళీ చూసి అడిగింది. విని, చెంబు కింద పెట్టింది.

"నా చేతి సంగటి తిన్నోడు గదయ్యా."

"చెప్తాలేమే. ఇంటికి చేరినాక ఫోన్లో చెప్తా. ఆయిలు మార్చుకోమంటా. కొంచెం రిపేరీ ఉండాదని చెప్తా."

"ఇప్పుడు చెప్పలేనోనివి అప్పుడు చెప్తావా?"

చెప్తాననే అనుకున్నాడు. బండి బాగా చేరిందని ఏసేపు ఫోన్ చేశాడు. వీధిలో అందరూ వచ్చి చూశారంట, పాస్టరు గారు వచ్చి ప్రార్థన కూడా చేశారంట. అంత సంతోషం మధ్యలో చెప్పడం ఎందుకు, రెండు రోజులు పోనీ అనుకున్నాడు. ఆ తర్వాత పట్టల పని ఎక్కువైంది.

డిసెంబరులో ఏసేపు మళ్లీ ఫోన్ చేశాడు.

"న్నా, పొద్దున కిక్కు దిగతల్లేదు. బండి మీదికెక్కి నిలబడితే గాని దిగదు. గేరెయ్యంగానే క్లచ్చు పట్టుకున్నా బండి ముందుకు దూకుతాంది. ఈడ మెకానికు ఆయిలు మార్చల్ల అంటాండాడు. మార్చమందునా?"

ఇంతకంటే సులభమైన సందర్భం దొరకదు. మార్చమని ఒక్క మాట అంటే చాలు. తప్పు చేశానని కూడా చెప్పక్కర్లేదు. కాని ఓబుళేశుకు ఆ మెకానిక్ కనిపించాడు, అడుగు బోల్టు విప్పుతున్నట్టు. నల్లగా, చిక్కగా, సాగుతూ నైంటీ కారుతుంది. వాసనకే వాడికి తెలిసిపోతుంది. ఎవడు పోసినాడప్పా దీన్ని అంటాడు. పక్కన ఏసేపు నిలబడి ఉంటాడు.

"మార్చాకు," అన్నాడు. "వాల్లు పని లేక అట్లే చెప్తారు. చలికి ఏ బండయినా అంతే. కొంచేపు ఎండలో పెట్టి కిక్కు కొట్టు."

"నేను గూడా అదే అంటి. ఓబులన్న వద్దన్యాడు, ముట్టుకోవాకు అని చెప్తి వానికి."

ఫోన్ పెట్టేసి చూస్తే నాగలక్ష్మమ్మ గడప దగ్గర ఉంది. అప్పటినుంచి ఏసేపు పేరు ఎత్తడం మానేసింది.

ఏసేపు మాట వినేవాడు. రోజూ బండిని గోడ పక్క ఎండలో పెట్టి, ఇంజను మీద చెయ్యి వేసి వెచ్చబడిందా అని చూసి, అప్పుడు కిక్కు కొట్టేవాడు. ఈ సంగతి ఆయనే ఇంకోసారి ఫోన్లో చెప్పాడు, బిందెలు బాగా పోతున్నాయని చెబుతూ. క్రిస్టినా బడికి పోతాంది, ఈసారి ఊర్లో తాళం పడని ఇండ్లలో మాదొకటి అన్నాడు.

సంక్రాంతి పోయిన వారానికి మళ్లీ ఫోన్ వచ్చింది. ఓబుళేశు అంగట్లో పట్ట పరుచుకుని కూర్చున్నాడు. రేకు గోడ పక్క సుంకన్న సుత్తి ఆగింది.

"న్నా," అన్నాడు ఏసేపు. గొంతు బాగా తగ్గిపోయింది. "బండి పట్టేసింది. రోడ్డుమీద టక్కుమని నిలబడిపాయ. బకెట్లన్నీ చెల్లాచెదురు. తోసుకుంటా వస్తి ఇంటికి. మెకానికు చూసి ఇంజను పోయిందన్యాడు."

"దెబ్బలేమన్నా తగిలినాయా?"

"మోచెయ్యి కొట్టుకపాయ, అంతేలే. అది గాదు న్నా. నీకొగ మాట చెప్పల్ల. నేనే తప్పు చేసినా."

ఓబుళేశు సూది కింద పెట్టాడు.

"మొన్న పుల్ల పెట్టి చూస్తే ఆయిలు అడుక్కు పోయిండ్య. నువ్వు ముట్టుకోవాకు అంటివి. మరీ ఎండిపోతాదేమో అని భయమేసి, అంగట్లో అడిగి మామూలు బండ్ల ఆయిలు సగం డబ్బా పోస్తి. ట్వంటీ ఫిఫ్టీ అని రాసిండ్య దానిమీద. నువ్వు పోసే ఆయిలు ఏందో నిన్ను అడగకపోతిని. రెండూ కలిసినందుకే పట్టేసిందేమో అని నాకు... అందుకేనా న్నా?"

అంగడి ముందు లారీ ఒకటి వెనక్కి తిరుగుతోంది. తెల్లటి సిమెంటు దుమ్ము లోపలికి వచ్చింది. పట్ట మీద పడిన దుమ్మును ఓబుళేశు చేత్తో దులిపాడు.

"న్నా? ఇనపడతాందా?"

"ఇనపడతాంది," అన్నాడు ఓబుళేశు. "అయ్యుండచ్చు ఏసేపా. వేరే ఆయిలు కలపకూడదు."

"నేను అదే అనుకుంటి," అన్నాడు ఏసేపు. ఆయన గొంతులో కోపం లేదు. ఎక్కడ తప్పిందో తెలిసిన వాడిలా ఉన్నాడు. "నీ బండిని అన్యాయంగా చంపేస్తిని. ఇన్నేండ్లు ఎంత బాగా పెట్టుకోనింటివి దాన్ని. మా ఆడమనిషి జీవమ్మకు గూడా చెప్పినా, తప్పు నాదే, ఓబులన్న ముందే చెప్పినాడని."

"ఇప్పుడెట్లా మరి?"

"ఏముండాది. సుగ్గికి లారీ మాట్లాడుకుంటాండారు. పోతాం."

"పాప?"

"ఒగతే యాడుంటాది న్నా. మాతోనే."

ఫోన్ ఆగిపోయింది. సుంకన్న రేకు అంచు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అంతా విన్నట్టే ఉన్నాడు.

"ట్వంటీ ఫిఫ్టీ పోసినాడంటనా?" అన్నాడు.

"ఊఁ."

"వాడు కొన్నప్పటి నుంచి ఆ బండికి జరిగిన మంచి పని అదొగటే ఓబులా. ఇంకో నాలుగు దినాలు ఎక్కువ తిరిగిందంటే దాని వల్లే." అన్నాడు సుంకన్న. "నైంటీ పోసింది నేనేలే," అని కూడా అన్నాడు. ఆ మాట ఓబుళేశుకు బరువు తగ్గించలేదు. లోపలికి పోయి సుత్తి అందుకున్నాడు సుంకన్న.

మధ్యాహ్నం నాగలక్ష్మమ్మ క్యారియరు తెచ్చింది. ఓబుళేశు తినలేదు. జరిగింది చెప్పాడు. ఆమె క్యారియరు మూత మళ్లీ బిగించింది.

"బండి ఇచ్చిన దానికన్నా ఇది ఎక్కువ పాపం. తప్పు వాని నెత్తిన పెడితివి," అంది. "దుడ్డు వాపస్ ఇయ్యి. ఇంగో బండి కొనుక్కుంటాడు. పిల్ల పరీక్ష రాస్తాది. ఫోన్ చెయ్యి ఇప్పుడే. చేసి చెప్పినాకనే ఇంటికి రా."

ఆమె వెళ్లిపోయింది. ఓబుళేశు ఫోన్ తీశాడు, పెట్టాడు. ఆరోజంతా అట్లే గడిచింది. రాత్రి ఇంటికి పోతే ఆమె అడిగింది, ఫోన్ కలవలేదని చెప్పాడు. మరుసటి రోజూ కలవలేదన్నాడు. మూడో రోజు నాగలక్ష్మమ్మ క్యారియరు పట్టుకుని అంగటికే వచ్చి ఎదురుగా నిలబడింది. చేశాడు.

ఎత్తింది క్రిస్టినా. వెనక గాలి హోరు, ఎవరో చిన్నపిల్ల ఏడుపు.

"ఎవురూ? ఓబుల్ పెదనాయనా?"

"ఆఁ మా. మీ నాయన యాడ?"

"మూటల మీద పండుకోనుండాడు పెదనాయనా. చెయ్యి వాచిండాది, రాత్రంతా నిద్ర లేదు. లేపమంటారా? లారీలో ఉండాము. కర్నూలు దాటినాము."

ఓబుళేశు నాగలక్ష్మమ్మ వైపు చూశాడు. ఆమె కదలకుండా చూస్తోంది. ఆమెకు అవతలి మాట వినపడదు. లారీల మోత మధ్య ఆయన మాట కూడా సరిగా వినపడదు.

"నిద్రపోనీలే మా. నీ పరీక్షలు?"

"పుస్తకాలు తెచ్చుకున్నా. సారు మార్చిలో వచ్చి రాయమన్యాడు. నాయన పంపిస్తానన్యాడు, అక్కడి మేస్త్రి ఒప్పుకుంటే." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "పెదనాయనా, మా నాయన మీద కోపం పెట్టుకోవాకండి. తెలీక పోసినాడు. లారీలో అందరికీ అదే చెప్తాండాడు, ఆయప్ప చెప్పినా ఇనకపోతిని అని. అమ్మ తిట్టింది గూడా. మీ బండి మంచిదే అని నాకు తెల్సు."

ఎదుట లారీ మీద పట్ట కప్పుతున్న కూలీలు తాడు లాగుతూ ఒకరినొకరు కేకలేసుకుంటున్నారు.

"నాయన లేస్తే ఏమన్నా చెప్పల్లనా?" అంది క్రిస్టినా.

"ఏం లేదు మా. పైలంగా పొమ్మని చెప్పు."

"సరే పెదనాయనా."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కింద పరిచిన పట్టను దగ్గరికి లాక్కున్నాడు. అంచు లాగి పట్టుకునేవాళ్లు లేక అది మధ్యలో ముడత పడింది. చేత్తో సాపు చేశాడు. మళ్లీ పడింది.

"చెప్పినావా?" అడిగింది నాగలక్ష్మమ్మ.

"చెప్పినా," అన్నాడు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, చాలా రోజుల తర్వాత ఆయన పక్కన కూర్చుంది. క్యారియరు మూత విప్పి సంగటి ముద్ద తీసి ఆకులో పెట్టింది. ఓబుళేశు తిన్నాడు.