గట్టిగా రాసిన పరీక్ష

మా అమ్మాయిని ఇంట్లోనే చదివిస్తానంటే మా ఆడపడుచు ముక్కున వేలేసుకుంది.

"నలుగురిలో మసలడం దానికెలా వస్తుంది వదినా?"

"ఆ నలుగురూ కొలతలివ్వడానికి నా దగ్గరికే వస్తారులే," అని నోరు మూయించాను.

నేను దర్జీని. కాళ్లు మిషన్ మీద, కళ్లు కుట్టు మీద ఉంటాయి. పుస్తకంలోకి తొంగిచూసే తీరికెక్కడిది? అందుకే అది పక్కన స్టూలు వేసుకుని ప్రతి లెక్కా పైకి చదివేది, జవాబూ పైకే చెప్పేది. అదీ మిషన్ చప్పుడును మించిన గొంతుతో. తప్పయితే కసురుకునేదాన్ని. తొమ్మిదేళ్లకే ఆరో తరగతి లెక్కలు మంచినీళ్లు తాగినట్టు చేసేస్తోంటే నాకు నేల మీద కాలు ఆగలేదు.

నిన్న మొదటిసారి దగ్గర్లోని బడిలో పరీక్షకు కూర్చోబెట్టాను. అరగంటకే టీచరమ్మ బయటికొచ్చింది.

"ఏంటండీ ఇది? మీ పిల్ల ప్రశ్న గట్టిగా చదివి, జవాబూ గట్టిగా చెప్తోంది. వద్దంటే 'మరి మీకెలా తెలుస్తుంది?' అని నన్నే అడుగుతోంది. మిగతా ముప్పైమందీ తను చెప్పిన జవాబులే ఎంచక్కా రాసేసుకున్నారు!"

నాకు తల కొట్టేసినట్టయింది. దారిలోనే దులిపేశాను.

"కాసేపు నోరు మూసుకుని రాయలేవా?"

అది వింటేనా! గంతులేస్తూ నడుస్తోంది.

"అమ్మా, నేను చెప్తుంటే అక్కడ అందరూ నా మొహంలోకే చూశారు తెలుసా! నువ్వెప్పుడూ కుట్టు వైపే చూస్తావుగా. రేపు కూడా వెళ్దామా?"