వేయించిన రంగు

"ఆదివారం మూర్తిగారు భోజనానికొస్తున్నారు. ఆ వంటిల్లు కనపడకుండా ఓ కర్టెన్ కట్టెయ్, భానూ" అన్నారు మా ఆయన బూట్లు తొడుక్కుంటూ.

మూర్తిగారంటే ఆయన ఆఫీసుకి కొత్తగా వచ్చిన జనరల్ మేనేజరు రాధాకృష్ణమూర్తి. ఢిల్లీ వసంత్ కుంజ్‌లో మా ఫ్లాట్ ఎంతనీ! హాల్లో కూర్చుంటే వంటింటి చెక్క అల్మరాలు, వాటి గాజుపలకల తలుపులు ముఖమ్మీదే ఉంటాయి. మాకంటే ముందున్నవాళ్ళ పోపులూ మా పోపులూ కలిసి ఆ తలుపులు జిడ్డోడుతున్నాయి. కర్టెన్ ఎందుకు, రంగు వేద్దామన్నాను. "పెయింటర్ వెనకాల తిరిగే టైమెవరికుంది?" అన్నారు. నేనే వేస్తానన్నాను. నవ్వి వెళ్ళిపోయారు. మొగుడి నవ్వు ఒప్పుకోలో కాదో తేలేలోపే పని మొదలుపెట్టెయ్యాలి. లేకపోతే అది ఎప్పటికీ మొదలవదు.

మునిర్కాలో హార్డ్‌వేర్ కొట్టుకి పోయి "భయ్యా, నమక్ వాలా కాగజ్ దీజియే" అన్నాను. అతను పక్క కిరాణా కొట్టు చూపించి, "నమక్ ఉధర్ మిలేగా, దీదీ" అన్నాడు. తెనాలిలో ఉప్పుకాగితమంటే చంటిపిల్లాడికైనా తెలుసు. ఇక్కడ దాని పేరేమిటో ఎవరు చెప్పారు నాకు? బల్ల మీద గోళ్ళతో గరగరా రుద్ది చూపించాను. "అచ్ఛా, రేగ్‌మాల్!" అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఢిల్లీ వచ్చాక ఇంటి బయట అంత గట్టిగా ఎప్పుడు నవ్వానో గుర్తు రాలేదు. ఆటో ఎక్కాక మాత్రం అత్తగారి కాఫీ వేళ దాటిపోయిందని గుండె పీకింది.

పని మొదలయ్యాక ఆ పీకుడు మరి ఆగలేదు. సోడా నీళ్ళతో జిడ్డు కడిగాను, ఉప్పుకాగితంతో పాత రంగు గీకాను. అడుగున నల్లగా, నునుపుగా, బతికున్నట్టున్న చెక్క బయటపడింది. మా ఊళ్ళో గోడకి సున్నం కొట్టినా, అరుగుకి ఎర్రమట్టి అలికినా ఆడవాళ్ళే. ఆ చెయ్యి నాకుంది. కుంచె పట్టుకుంటే పుట్టింటికి పోయినట్టే ఉంది. తమలపాకు పచ్చ తెచ్చుకున్నాను. మొదటి పూత పడేసరికి, పెళ్ళయి తొమ్మిదేళ్ళకి ఈ ఇంట్లో ఒక వస్తువు నా మాట విన్నట్టనిపించింది.

"స్టవ్ బాల్కనీలో పెట్టావేమిటే, మనమేమన్నా తిరణాలకొచ్చామా?" అంది మా అత్తగారు రాజేశ్వరమ్మ. "మావాడు అలిసొస్తే నాలుగు వేడి మెతుకులైనా ఉండద్దూ?" అని కూడా అంది. నిజమే, ఆయనకి రెండు పూటలు పెరుగన్నంతో సరిపెట్టాను. మా అమ్మాయి సాత్వికకి టిఫిన్ డబ్బాలో బ్రెడ్డే పెట్టాను. రంగు వాసనకి పిల్ల "మమ్మీ, బద్బూ ఆ రహీ హై" అంటూ ఆ సాయంత్రమంతా దగ్గింది. దగ్గు మందు పట్టాను, వీపు నిమిరాను, కిటికీలన్నీ తెరిచాను. అయితే పిల్ల వీపు మీద నా చెయ్యి ఉన్నా, కన్ను మాత్రం తలుపు అంచున కారబోతున్న రంగు బొట్టు మీదే ఉంది. అది కారితే మచ్చ పడుతుంది. లేచి వెళ్ళి కుంచెతో అద్ది మళ్ళీ వచ్చి కూర్చున్నాను. పిల్లకేమీ తెలియలేదు. నాకు తెలిసింది. తల్లినేనా నేను అనుకున్నాను. అనుకుంటూనే రెండో పూత ఎప్పుడెయ్యాలా అని ఆలోచించాను.

శనివారానికి పని అయిపోయింది. ఆయన వేలితో తలుపు తాకి చూసి, "బానే వచ్చిందే!" అన్నారు. ఆ ఒక్క మాటకే పొంగిపోయాను. తర్వాత విజయవాడలో వాళ్ళ అన్నయ్యతో ఫోన్లో అంటున్నారు: "వంటింటికి రంగు వేయించా లేరా. అదిరిపోయింది."

వేయించా! కాలేజీలో తెలుగు మాస్టారు దీన్ని ప్రేరణార్థకమని చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నానేగానీ, దాని పవరు ఇంత అని అప్పుడు తెలియలేదు. కట్టించాను, తవ్వించాను, చేయించాను. చేతికి మట్టంటకుండా పనంతా తన పేరున పడిపోతుంది. నేనేశానని ఆయన చేతిలో ఫోను లాక్కుని చెబుదామనిపించింది. ఇంతలో లోపల పిల్ల దగ్గింది. ఆ దగ్గుకి జరిమానా అనుకుని 'వేయించా'ని ఆయనకే వదిలేశాను.

ఆదివారం మూర్తిగారి భార్య లక్ష్మీకుమారిగారు తిన్నగా వంటింట్లోకే వచ్చారు. తలుపు తీసి, వేసి, అంచులు తడిమి చూశారు. "అబ్బ, ఎంత నేర్పమ్మా! గాజుపలక మీద ఒక్క చుక్కైనా పడలేదు. మా వంటిల్లు ఇంతకంటే ఘోరం. ఆ పెయింటర్ని కాస్త మా ఇంటికీ పంపిద్దురూ."

హాల్లోంచి ఆయన గొంతు వెంటనే అందుకుంది. "అయ్యో, వాడు బీహార్ వాడండీ. నిన్ననే ఊరెళ్ళిపోయాడు."

"అవునమ్మా, బుద్ధిమంతుడు" అంది మా అత్తగారు, కొడుకు మాట నేలపడకుండా. "పనిలోకి దిగితే తలెత్తేవాడు కాదు."

నా కళ్ళముందే నాకో మీసం మొలిచింది, చేతిలో ఓ మూట పడింది, రైలెక్కించేశారు. ఆయన నావైపు చూశారు. బతిమాలుతున్నట్టూ ఉంది, హెచ్చరిస్తున్నట్టూ ఉంది. నోరు విప్పితే పై ఆఫీసరు ముందు మొగుణ్ణి అబద్ధాలకోరుని చేసినదాన్నవుతాను. ముసలావిడ పరువూ పోతుంది. ఇప్పటికి నామీద పడ్డ తప్పులన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు. రేపు ఈ ఇంట్లో అన్నం కూడా సహించదు నాకు. అన్నీ తెలిసే అన్నాను:

"ఊరెళ్ళలేదండీ. రేపట్నుంచి ఖాళీయే. ఏ రంగు కావాలో చెప్పండి, నేనే వచ్చి వేస్తాను."