డబ్బాలో లేని పుల్ల

బళ్ళో ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. పిల్లలకూ, తోటివాళ్ళకూ ఆవిడ పుల్లల టీచరే. పాలపొడి డబ్బా నిండా ఐస్‌క్రీం పుల్లలు, ఒక్కో పుల్ల మీద ఒక్కో పిల్ల పేరు. ప్రశ్న అడగడం, డబ్బా గలగలలాడించడం, కళ్ళు మూసుకుని ఒక పుల్ల తీయడం. ఎవరి పేరొస్తే వాళ్ళు లేచి చెప్పాలి. చెయ్యెత్తినవాళ్ళకే మాట దక్కే తరగతులంటే ఆవిడకు ఒళ్ళుమంట. "నా దగ్గర ముందు బెంచీ, వెనక బెంచీ తేడా లేదు" అని స్టాఫ్‌రూములో ఎన్నిసార్లు అన్నదో! ఆ మాట మొదలవగానే లెక్కల మేడం టీ కప్పు పట్టుకుని వరండాలోకి జారుకునేది.

చుట్టుపక్కల బళ్ళ టీచర్లు వచ్చి, ఎవరెవరు ఏ సరంజామాతో పాఠం చెబుతారో చూసే రోజు ఒకటి వచ్చింది. హెడ్మాస్టరు పుల్లల డబ్బానే ముందు పెట్టాడు. లెక్కల మేడం గుండీల పెట్టె, సైన్సు మాస్టారి సైకిలు పంపు ఆ తర్వాత. వచ్చినవాళ్ళు వెనక గోడ పొడుగునా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. పుల్లల టీచరుకు లోపల ఒకటే గుబులు. డబ్బాలో గువ్వ పుల్ల లేదు.

గువ్వ మూడో బెంచీ పిల్ల. అమ్మమ్మ పెట్టిన ముద్దుపేరు ఆ పిల్ల వెంటే బడికొచ్చి స్థిరపడిపోయింది. రాతపనిలో అందరికంటే ముందుంటుంది. నోరు తెరిస్తే మాత్రం నత్తి, మొదటి అక్షరం గొంతులోనే చతికిలపడుతుంది. బళ్ళు తెరిచిన కొత్తలో ఒకసారి ఆ పిల్ల వంతు వచ్చింది. జవాబు పూర్తి కాకముందే గంట కొట్టేశారు, పాఠం సగంలో ఆగిపోయింది. ఆ సాయంత్రమే ఆవిడ గువ్వ పుల్ల తీసి సొరుగులో పడేసింది. పాపం, పదిమందిలో నిలబెట్టి పిల్లను ఏడిపించడమెందుకు అనుకుంది. జాలి అని పేరు పెట్టుకున్నాక ఇక ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు, మనకు మనం కూడా.

"అందరికీ వంతు వస్తుందా మేడం?" అని వెనక కుర్చీల్లోంచి ఒక కుర్ర టీచరమ్మ అడిగింది.

"ఒక్కరు కూడా తప్పించుకోలేరండీ" అంది పుల్లల టీచరు దర్జాగా.

అప్పుడు గువ్వ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో కొత్త పుల్ల. అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్ది, చివర మిగతావాటిలాగే ఆకుపచ్చ రంగు వేసి, మధ్యలో తన పేరు గుండ్రంగా రాసుకుంది.

"టీ... టీచర్, నా పుల్ల."

గదంతా అటే చూస్తోంది. ఆవిడ నోట అబద్ధం తడుముకోకుండా వచ్చేసింది. "అయ్యో, పాతది ఎక్కడ పడిపోయిందోనమ్మా. మంచి పని చేశావు, ఇందులో వెయ్యి."

"పిల్లలకు ఎంత శ్రద్ధో చూడండి" అని వెనక ఎవరో మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలుకు ఆవిడ చెవులు వేడెక్కాయి.

"సముద్రం నీళ్ళు ఉప్పన కదా. మరి వాన నీళ్ళు ఎందుకు ఉప్పగా ఉండవు?" అని అడిగి డబ్బా ఆడించింది. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టింది. కొత్త పుల్ల కాస్త మందం, వేళ్ళకు ఇట్టే తెలిసిపోయింది. వేళ్ళు దాన్ని వదిలేసి పక్క పుల్ల పట్టుకున్నాయి. ఇంత జరిగాక కూడా! తన చెయ్యంటే తనకే అసహ్యం వేసి ఆవిడ కళ్ళు తెరిచింది. మూడో బెంచీలో గువ్వ పెదాలు చప్పుడు లేకుండా కదులుతున్నాయి, జవాబు కూడబలుక్కుంటూ.

ఆవిడ పట్టుకున్నది వదిలేసి మందపు పుల్ల తీసి పేరు చదివింది.

గువ్వ నిలబడింది. మొదటి అక్షరం రాలేదు. రెండోసారీ రాలేదు. తానే అందించేద్దామనుకుంది, ఆ మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. తక్కిన పిల్లల వంక చూస్తే ఒక్కరూ నవ్వడం లేదు. ఒకడు పెన్సిల్ చెక్కుకుంటున్నాడు, ఒకతె కిటికీలోంచి చూస్తోంది. రోజూ ఆ పిల్లతో ఆడుకునేవాళ్ళకు ఆగడం అలవాటే. తొందరంతా తనదేనని అప్పటికి గాని ఆవిడకు తెలియలేదు.

"ఆ... ఆవిరి పైకి పోతుంది టీచర్. ఉ... ఉప్పు కిందే ఉండిపోతుంది."

వెనకనుంచి చప్పట్లు మోగాయి. అందరూ గుండీల పెట్టె చూడడానికి పక్క గదికి కదిలారు. పుల్లల టీచరు గువ్వను ఆపింది. తలెత్తడానికి మొహం చెల్లలేదు.

"నీ పుల్ల పడిపోలేదమ్మా. నేనే తీసేశాను."

"తె... తెలుసు టీచర్. బల్ల తుడిచేటప్పుడు సొరుగులో చూశాను."

"మరి అడగలేదేం?"

గువ్వకు చాలాసేపు పట్టింది. ఈసారి ఆవిడ ఆగింది.

"బాగా మాట్లాడటం వస్తే మీ... మీరే మళ్ళీ వేస్తారనుకున్నా. రోజూ ఇంట్లో అద్దం ముందు నేర్చుకుంటున్నా. ఎంతకీ రావట్లేదు. అందుకే నేనే చేసుకున్నా." డబ్బా వంక చూసింది. "త... తప్పైతే తీసెయ్యండి టీచర్. నేనేం అనుకోను."