మంగళూరు మాత్రలు

మేం మంగళూరు పోతున్నామన్న సంగతి నాకు చట్నిపొడి వల్ల తెలిసింది. వంటింటి గడప దగ్గర విత్తనాల శెనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాను. మా ఆయన సంజీవప్ప బడి నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ, వచ్చేవారానికి చట్నిపొడి ఎక్కువగా కొట్టి పెట్టమన్నాడు. ఎందుకని అడిగితే, "సెలవులకి మంగళూరు పోతాండాం" అనేసి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. నా ఒళ్ళో గింజలు గడప అంతా దొర్లిపోయాయి.

మంగళూరంటే సముద్రం. వానాకాలం వస్తే రేడియోలో కన్నడ వార్తల చివర చెబుతారు, సముద్రం పొంగుతోంది, చేపలు పట్టేవాళ్ళు లోపలికి పోవద్దని. మా పావగడలో వరసగా మూడో ఏడు శెనక్కాయ చేను ఎండిపోతూ ఉంటే, నేను ఆ హెచ్చరికను మాత్రం మానకుండా వినేదాన్ని. పొయ్యి ముందు కూర్చుని, సరే, ఈ పూటకు పోనులే అనుకుని నాలో నేనే నవ్వుకునేదాన్ని. అలాంటిది ఇప్పుడు నిజంగానే పోతున్నాను. ఆ రాత్రి రాగి సంగటి ముద్ద కడుతుంటే చెయ్యి కాలింది, అదీ నవ్వుగానే అనిపించింది.

మేష్టర్లకు ప్రభుత్వం ప్రయాణ ఖర్చులిచ్చే ఏడట ఇది. మా ఆయనా, ఆయన బళ్ళోనే పనిచేసే ఇంకో మేష్టరూ కలిసి వ్యాన్ మాట్లాడారు. ఆ మేష్టరుకు తెలిసినవాళ్ళ ఇల్లు మంగళూరు పక్కనే ఉళ్ళాలలో ఖాళీగా ఉందట. వాకిలి దిగితే ఇసుక, ఇసుక దాటితే సముద్రమట. అంతవరకు విని నేను మనసులోనే వాకిలి దిగేశాను. మిగతాది ఆయన తర్వాత చెప్పాడు. చేరిన మర్నాడు ధర్మస్థలం, ఆ మర్నాడు ఉడిపి, ఆ పైన కొల్లూరు. తెల్లారకముందే లేచి వంట చేసి, డబ్బాలకెత్తుకుని బయల్దేరాలి, చీకటి పడ్డాక వచ్చి మళ్ళీ వండుకోవాలి. మరి సముద్రం ఎప్పుడని అడిగాను.

"కడాకు, గుళ్ళన్నీ అయినాక పొద్దుంటే చూద్దాం. నీళ్ళే గదా, యాడికి పోతాయి?" అన్నాడు.

బోరింగు దగ్గర ఏనాడూ ఒక్క బింద ఎత్తని మనిషికి నీళ్ళంటే అంతే మరి.

హోటలు మాట ఎత్తితే మా అత్త హనుమంతమ్మ ఊరుకోలేదు. దేవుడి దగ్గరికి పోయేటప్పుడు ఎవరు వండిందో తెలియని తిండా అంది, కోడలుండగా ఆ ఖర్మేంటంది. పంపుస్టవ్, కిరసనాయిలు డబ్బా, రాగిపిండి, బియ్యం, అన్నీ మూటలయ్యాయి. ఊరూరికీ హోటళ్ళు పంపిన ఉడిపికి మేం పంపుస్టవ్ మోసుకుపోతున్నాం. ఈ మాట పైకి అంటే అత్త వారం రోజులు మాట్లాడదు కాబట్టి అనలేదు.

ఆ తర్వాత అత్త, "నీది ఎప్పుడు?" అని అడిగింది. లెక్కవేసి చూస్తే ఉళ్ళాలలో దిగిన మర్నాటికి పడుతోంది. అత్త కొడుకుతో చెప్పింది. కొడుకు మెడికల్ షాపు నుంచి కాగితం పొట్లం తెచ్చి, నా మొహం చూడకుండా కిటికీలో పెట్టాడు. అవి నెలసరి వాయిదా వేసే మాత్రలు. మా ఆడబిడ్డ గృహప్రవేశానికీ ఇలాగే మింగించారు. నూనె మూకుడు ముందే కళ్ళు తిరిగాయి, పెరట్లోకి పోయి కక్కుకుని వచ్చి మళ్ళీ వడలు వేశాను. వాయిదాపడ్డ నెల తర్వాత కట్టలు తెంచుకుని వచ్చింది, గుడ్డలు ఉతకడానికి కూడా నీళ్ళు లేని ఎండాకాలంలో. అందరూ మింగేవే కదా, నీకే వింతా అంది అత్త. "ఫంక్షన్ బాగా జరిగింది గదా, ఇంగేం" అన్నాడు ఆయన. నాకు ఆ మాట ఇప్పటికీ మంటే.

మింగకపోతే? మా ఇంట్లో బయటున్న మూడు రోజులూ నేను పొయ్యి ముట్టకూడదు, దేవుడి గదివైపు చూడకూడదు. శెనక్కాయ చేలో కలుపు తీయడానికి మాత్రం ఆ మైల అడ్డం రాదు. అంటే ఉళ్ళాలలో నేను వంట చెయ్యను, గుళ్ళకి పోను. వ్యాన్ అందరినీ ఎక్కించుకుని వెళ్ళిపోతుంది, నేను ఇసుక మీద మిగులుతాను. ఆలోచన రాగానే ఆశ పుట్టింది. వెంటనే భయమూ వేసింది. బయల్దేరేలోపే వస్తే నన్ను ఇంట్లోనే వదిలేస్తారు. పైగా నా వంతు వంట మాతో వచ్చే మేష్టరు భార్య రంగక్క నెత్తిన పడుతుంది, అది నాకు ఇష్టం లేదు.

మర్నాడు బోరింగు దగ్గర రంగక్కతో, మాత్రలు మింగాలని లేదని, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె పంపు కొట్టడం ఆపింది.

"అయితే నేనూ బయటుంటాలే" అంది.

"అదెట్లక్కా, నీకు అప్పుడు రావల్ల గదా?"

"వచ్చిందని చెప్తే చాలు కెంచమ్మా. ఎవరొచ్చి చూస్తారు? మొగోళ్ళు ఓటేల్లో తింటారులే, సచ్చిపోరు."

ఇద్దరం బిందెలు వదిలేసి నవ్వాం. వెనక వరసలో ఉన్నవాళ్ళు తిట్టేదాకా నవ్వాం. ఇంటికొచ్చే దారి పొడవునా నన్ను నేనే తిట్టుకున్నాను, ఇన్నేళ్ళు ఈ సంగతి తట్టలేదేమని. పెళ్ళయిన నాటి నుంచి ఈ ఇంట్లో ఏ విషయమూ నన్ను అడిగి చెయ్యలేదు. వచ్చిందా రాలేదా అన్న ఒక్క కబురు మాత్రం నా నోటి నుంచే రావాలి. ముందే వస్తే ఉళ్ళాల దాకా దాచుకుంటాను. ఆలస్యమైతే వచ్చిందని చెబుతాను. నా నెలకు తారీఖు పెట్టేది ఇక నేనే.

చట్నిపొడి కొట్టడం అయిపోయింది, పిల్లల బట్టలు సర్దేశాను. రోజూ రాత్రి ఒక మాత్ర పెరటి దిబ్బలో పడేసి, అత్త చూస్తుండగా చెంబెడు నీళ్ళు గటగటా తాగుతున్నాను. బుద్ధిగా ఉండావు అని నిన్న మెచ్చుకుంది కూడా. రేపు సాయంత్రం బయల్దేరతాం, నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. చేరిన మర్నాడు తెల్లవారకముందు, స్టవ్ వెలిగించమని ఆయన లేపుతాడు. నేను దూరంగా జరిగి, మాత్రలు పనిచెయ్యలేదు, నాకు వచ్చిందని చెబుతాను. అందరూ అడుగు వెనక్కి వేస్తారు. ఆ మూడు రోజులూ నన్ను ఎవరూ ముట్టుకోకూడదు. ఆ సంగతి సముద్రానికి ఎవరూ చెప్పి ఉండరు.