పాల సంచిలో పడే బాణీ

తెల్లారేసరికి ఆ అపార్ట్‌మెంటులో ప్రతి తలుపు గడియకీ ఒక సంచి వేలాడుతుంటుంది. ఒకరిది బట్టల షాపు సంచి, ఇంకొకరిది ఏదో పెళ్లిలో తాంబూలం పెట్టిచ్చిన సంచి. పాలాయన మెట్లెక్కుతూ ఎవరి ప్యాకెట్లు వాళ్ల సంచిలో పడేసి పోతాడు. ఆయన పోయిన కాసేపటికి, సంగీతం పని చేసుకునేవాళ్లు ఉన్న ఇంటి సంచిలో ఒక బాణీ కూడా పడుతుంది.

అది ఎవరు వేస్తారో ఎవరూ చూడలేదు. చూడాలని ఎవరికీ పుట్టలేదు కూడా. దిల్‌సుఖ్‌నగర్‌లో మనుషులకి మెట్రో అందుకోవడానికే టైము చాలదు, ఇంక వీటి వెంట ఎవరు పడతారు? అర లీటరు పాల ప్యాకెట్ అంత ఉంటుంది, మెత్తగా, గోరువెచ్చగా. చేతిలోకి తీసుకుంటే లోపల ఎవరో నోరు మూసుకుని పాడుతున్నట్టు వేళ్లకి తెలుస్తుంది. వెచ్చగా ఉండగానే దాన్ని పట్టుకు కూర్చుంటే పాటవుతుంది. ఇందులో తెలియనిదేమీ లేదు.

తెలియనిదల్లా మూడో అంతస్తు సాయినాథ్‌కే. ఏడాది నుంచి అతని సంచిలో బాణీలు పడుతున్నాయి. ఏడాదిలో ఒక్క పాటా పూర్తి కాలేదు. ల్యాప్‌టాప్ తెరిస్తే అన్నీ సగం సగం పాటలే. పల్లవి ఉన్నదానికి చరణం లేదు, చరణం ఉన్నదాని మొదలెక్కడో అతనికే గుర్తులేదు.

సాయినాథ్‌ది నల్గొండ దగ్గర పల్లె. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఒక కోచింగ్ సెంటర్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుని, వచ్చిన పిల్లలకి ఏ బ్యాచ్ ఏ గదిలోనో చెప్పడం ఉద్యోగం. గదికొచ్చి తిని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కీబోర్డు ముందు కూర్చుంటే మూడింటిదాకా లేవడు. పొద్దున తొమ్మిదిన్నరకి లేస్తాడు. ఇదీ అతని క్రమశిక్షణ. గోడకి టైమ్‌టేబుల్ కూడా అంటించాడు, రంగురంగుల పెన్నులతో. దాన్ని రాయడానికి పట్టిన శ్రద్ధ పాట మీద పెట్టి ఉంటే ఎప్పుడో అయిపోయేది.

తండ్రి జానయ్య ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి. ఇన్నాళ్లకి సొంతంగా ఒక చిన్న లారీ, డీసీఎం బండి కొన్నాడు. నడుము నొప్పి మొదలైంది, కొడుకు స్టీరింగ్ పడితే బాగుండునని ఆయన ఆశ. గట్టిగా అడగడం చేతకాక కిందటి దసరాకి ఒక మాటన్నాడు.

"ఏడాది ఇస్తున్న రా. మొదలు కాంచి ఆఖరి దాక ఒక్క పాట చేసి నాకు ఇనిపియ్యి. నేను మళ్ల అడగ. లేకుంటే వచ్చే దసరాకు బండికి పూజ జేసి తాళంచెయ్యి నీ చేతుల పెడ్త."

ఆ దసరా దగ్గర పడుతోంది. సాయినాథ్‌కి భయం మొదలైంది. బండి అంటే భయం కాదు. పాట చేయలేకపోయాడని తండ్రికి తెలిసిపోతుందే, అదీ భయం.

అసలు లోపం ఎక్కడో అతనికి అంతుపట్టలేదు. కొత్త హెడ్‌ఫోన్లు కొన్నాడు. కీబోర్డుని కిటికీ వైపు నుంచి గోడ వైపు తిప్పాడు. అలవాట్లు మార్చుకోవడం ఎలాగో చెప్పే వీడియోలు రాత్రంతా చూసి, మర్నాడు ఇంకా ఆలస్యంగా లేచాడు.

పక్కింట్లో గంగాధరరావు, శేషారత్నం ఉంటారు. ఆయన విద్యుత్ శాఖలో రిటైరై, తెనాలి నుంచి తెచ్చుకున్న భాషనీ, తెల్లవారుజామున లేచే అలవాటునీ ఇప్పటికీ వదలని మనిషి. పక్కింటి కుర్రాడి సంచి ఎండ పొడ వచ్చేదాకా గడియకే వేలాడటం చూసి ఆయన ప్రాణం ఒప్పుకోలేదు. పాలు విరిగిపోవూ? అందుకని రోజూ వాకింగ్ నుంచి రాగానే సంచిపళంగా తీసుకెళ్లి తమ ఫ్రిజ్‌లో పెట్టేవారు. సాయినాథ్ లేచి తలుపు కొడితే ఇచ్చేవారు. పాలూ చల్లగానే ఉండేవి, బాణీ కూడా చల్లగానే ఉండేది.

అదేమిటోగానీ ఆ బాణీ పట్టుకుని కూర్చుంటే రెండు లైన్లు బాగానే సాగేవి. తర్వాత ఎక్కడో విన్నట్టు ఉండేది. ఇంకాస్త కదిపితే నీళ్లు నీళ్లుగా విడిపోయేది.

ఒకరోజు ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి గిన్నెకి చోటు చాలక శేషారత్నం విసుక్కుంది.

"ఏవండీ, ఆ అబ్బాయి పాలు పెడితే పెట్టారు, ఆ బాణీ కూడా ఇందులోనే కుక్కాలా?"

"బయట పెడితే పాడైపోదుటే?"

"లోపల పెడితే బాగుంటుందని ఎవరు చెప్పారు మీకు? గడ్డకట్టిన బాణీని మళ్లీ వేడి చేసుకోడానికి అదేమన్నా వంకాయ కూరా?"

తలుపు దగ్గర నిలబడ్డ సాయినాథ్ ఈ మాటలన్నీ విన్నాడు. ఏడాదిగా తన పాటల్ని చంపుతున్నది పక్కింటాయన మంచితనమా అని ఒక్క క్షణం కోపం వచ్చింది. ఆ వెంటనే, ఆయన మోసేదాకా పడుకున్నదెవరు అని సిగ్గేసింది. కోప్పడాలో దణ్ణం పెట్టాలో తేల్చుకోలేక, "పాలు ఇయ్యండి ఆంటీ" అన్నాడు.

గంగాధరరావు మాత్రం బాగా నొచ్చుకున్నారు. "రేపట్నించి నేనే లేపుతాను బాబూ. నిద్ర లేపడంలో నాకు మంచి పేరుంది, కావాలంటే మా పిల్లల్ని అడుగు" అన్నారు.

అన్నట్టే లేపారు. సాయినాథ్ రాత్రి కీబోర్డు జోలికి పోకుండా తొందరగా పడుకుని, చీకటుండగానే లేచి, మొహం కడుక్కుని తలుపు తెరిచి నిలబడ్డాడు. పాలాయన వచ్చాడు, పాలు వేశాడు, పోయాడు. సాయినాథ్ సంచిలో చెయ్యి పెట్టి చూశాడు. పాలే.

మర్నాడూ పాలే. వారమంతా పాలే.

ఇదెక్కడి న్యాయమో అతనికి అర్థం కాలేదు. మొద్దునిద్ర పోయినన్నాళ్లూ రోజూ పడింది. బుద్ధిగా లేచి కాపలా కాస్తుంటే పడటం మానేసింది. కోచింగ్ సెంటర్‌లో ఒక పిల్లాణ్ని పొరపాటున లెక్కల గదికి బదులు ఇంగ్లీషు గదికి పంపాడు. వాడు గంటసేపు అక్కడే కూర్చుని వచ్చాడు. తన సంగతీ అట్లనే ఉందనుకున్నాడు సాయినాథ్.

చివరికి శేషారత్నాన్నే అడిగాడు. "ఆంటీ, నాకు దిమాగ్ పనిచేస్తలేదు. లేవకుంటే పడ్డది, లేస్తే పడ్తలేదు. నేనేం జెయ్యాలె?"

ఆవిడ కరివేపాకు దూస్తూనే చెప్పింది. "నీకు ముందు ఆ ఇంట్లో ఇంద్రాణిగారని సంగీతం టీచరు ఉండేవారులే. ఆవిడ సంచి వంక చూడగా నేనెప్పుడూ చూళ్లేదు. చీకట్నే శ్రుతిపెట్టె పెట్టుకుని మొదలెట్టేసేవారు. ఆవిడ పాడుతుంటే పడేది. నువ్వు ఇదివరకు రాత్రుళ్లన్నా వాయించేవాడివి, దానికి పడేదేమో. ఇప్పుడు రాత్రీ లేదు, పొద్దునా లేదు. తలుపు దగ్గర నిలబడటానికి కూడా వేస్తారటయ్యా?"

సాయినాథ్‌కి ఇది సగం అర్థమైంది. బాణీ లేకుండా ఏం వాయించాలి? వాయించడానికే కదా బాణీ? ఎటు తిప్పినా తెగని ముడిలా ఉంది. అయినా చేసేదేమీ లేక మర్నాడు తలుపు మూసే ఉంచి, హెడ్‌ఫోన్లు పక్కన పెట్టి కీబోర్డు ముందు కూర్చున్నాడు.

ఘోరంగా వచ్చింది. తను చేసినది తనకే వినబుద్ధి కాలేదు. లేచి పోదామనుకున్నాడుగానీ, గోడకవతల గంగాధరరావు మేలుకునే ఉన్నారు, ఆగితే ఆయనకి తెలుస్తుంది. ఆ మొహమాటానికి ఇంకాసేపు కూర్చున్నాడు. మర్నాడు మళ్లీ అదే. సగం పాటల్లో ఒకదాన్ని తీసి, ఎక్కడ ఆగిపోయిందో అక్కడి నుంచి తోశాడు. పల్లవి నుంచి చరణంలోకి తిరిగే చోట అది మొండికేసింది. రోజూ అక్కడికే రావడం, అక్కడే ఆగడం. ఇలా చేస్తే పాట వస్తుందో రాదో తెలియదు. మానేస్తే ఏమవుతుందో మాత్రం బాగా తెలుసు. సంచిలో పాలే పడుతున్నాయి. కొన్నాళ్లకి సంచి సంగతే మర్చిపోసాగాడు.

దసరా ముందు రోజు, ఇంకా వెలుగు రాకముందే తలుపు చప్పుడైంది. గంగాధరరావు అనుకుని తీశాడు. ఎదురుగా జానయ్య, చేతిలో చిన్న బ్యాగుతో. తొలి బస్సెక్కి నగరం అంచున ఎల్బీనగర్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో వచ్చాడు. పూజకి కొడుకుని తీసుకుపోవడానికి.

"అయిపోయిందా రా?" అన్నాడు లోపలికి వస్తూనే.

"కాలే నాయినా" అన్నాడు సాయినాథ్. "జర కూసో. ఒక్క మలుపు కాడ ఆగిన. ఇప్పుడే దొరికేటట్టున్నది."

నిజంగానే దొరికేట్టుంది. ఆ పొద్దున ఎందుకో వేళ్లు ఎప్పటిలా వెనక్కి లాగలేదు. తండ్రికి మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పోయి మళ్లీ కూర్చున్నాడు. జానయ్య చెప్పుల స్టాండు పక్కన కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. కొడుకు ఒకే ముక్క వాయిస్తున్నాడు, ఆపుతున్నాడు, తల అడ్డంగా తిప్పి మళ్లీ మొదలుపెడుతున్నాడు.

అప్పుడు తలుపవతల సంచి కదిలింది. పాల ప్యాకెట్ పడ్డ చప్పుడు. కాసేపాగి ఇంకోటి, మెత్తగా.

సాయినాథ్ వేళ్లు ఒక్కసారి తడబడ్డాయి. ఆ చప్పుడు అతనికి తెలుసు.

"నీ సంచిల ఏందో పడ్డది" అన్నాడు జానయ్య.

లేస్తే వెచ్చటి బాణీ చేతికొస్తుంది. ఇంత కాలం ఎదురుచూసింది దానికోసమే. లేస్తే ఈ మలుపు పోతుంది, అదీ తెలుసు. ఏది ముఖ్యమో తేల్చుకునే తీరిక లేదు. "పడనీ నాయినా" అన్నాడు వెనక్కి తిరగకుండా. "గిది దాటనీ."

ఎంతసేపు వాయించాడో అతనికి తెలియదు. ఏ పదోసారో, పదిహేనోసారో పల్లవి తిరిగి చరణంలోకి అడుగుపెట్టింది. మళ్లీ వాయించి చూశాడు. మళ్లీ తిరిగింది. చేతులు తీసి ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు.

పక్కన టీ గ్లాసు ఉంది, మీద మీగడ కట్టి. తండ్రి ఎప్పుడో పెట్టిపోయినట్టున్నాడు. గబుక్కున లేచి సంచి చూశాడు. ఖాళీ. వంటగదిలో స్టవ్ మీద గిన్నె, దాని పక్కన కత్తిరించిన పాల ప్యాకెట్ ఒకటే.

"నాయినా, సంచిల ఇంకోటి ఉండాలె గదా?"

"అది గూడ పోసి కాగవెట్టిన" అన్నాడు జానయ్య, తన గ్లాసు కడుగుతూ. "పాలు తక్కువైతయేమో అనుకున్న. ఏం, కాగవెట్టొద్దా?"

సాయినాథ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడాది పాటు ఫ్రిజ్‌లో పోయినవి పోగా, మిగిలిన ఒక్కటీ టీ అయిపోయింది. "కాగవెట్టొచ్చు" అన్నాడు.

జానయ్య కొడుకు మొహంలోకి చూశాడు. "శ్రీశైలం ఘాటెక్కుతుంటే నడిమిట్ల ఎవడు చెయ్యెత్తినా మేము బండి ఆపకపోతుంటిమి" అన్నాడు. "ఆపితే మళ్ల ఎక్కది." గ్లాసు బోర్లించి బ్యాగు అందుకున్నాడు.

"నేను గూడ ఒస్త, ఆగు."

"నువ్వెందుకు? అది అయిపోలే గదా."

అంతే. మెట్లు దిగి వెళ్లిపోయాడు. రమ్మని వచ్చినవాడు వద్దని వెళ్లడమేమిటో సాయినాథ్‌కి బోధపడలేదు. కోపం వచ్చిందా, ఆశ వదులుకున్నాడా? పండగ రోజంతా ఫోను వంక చూస్తూనే ఉన్నాడు. సాయంత్రం తల్లి అండాలమ్మ చేసింది.

"మీ నాయినకు ఏమైంది రా? నిన్న ఒచ్చిన కాంచి ఏందో పాడుతుండు. బతుకమ్మ కాడ గూడ ఎన్నడు గొంతు కలపని మనిషి. పూజ జేసిండు, తాళంచెయ్యి ఆయన జేబులనే ఏసుకున్నడు. ఇంకొన్నేండ్లు నేనే నడుపుత అంటుండు. నడుము గుంజుతలేదట. ఆగు, ఇస్తున్న."

ఫోను చేతులు మారింది. అవతల జానయ్య గొంతు సవరించుకుని, మొరటుగా, సిగ్గుపడుతూ రెండు లైన్లు కూనిరాగం తీశాడు. సాయినాథ్ ఆ రాగం ఎప్పుడూ వినలేదు. వెచ్చగా ఉంది. తను సంచిలోంచి తీసుకోనిది ఇదే. రెండో లైను చివర అది ఆగిపోయింది.

"గీడి దాకనే ఒస్తుంది రా. అవుతల ఏమున్నది?"

"నాకు తెల్వది నాయినా."

"తెల్వకుంటే ఎట్ల? పొద్దుగాల బండి తీసేముందు ఫోన్ జేస్త. చూసి పెట్టు."

మర్నాడు గంగాధరరావు లేపకముందే సాయినాథ్ లేచాడు. తండ్రి పాడిన రెండు లైన్లూ మెల్లగా వాయించాడు. ఆయన ఆగిన చోట ఆగాడు. అక్కడి నుంచి, మొన్న దాటిన మలుపుని ఒకసారి ఊరికే తగిలించి చూశాడు. అతుకు కనబడలేదు. ఎందుకు కనబడలేదో అతనికి ఇప్పటికీ తెలియదు. బయట సంచి కదిలిన చప్పుడు వినబడింది, అతను తిరగలేదు.

ఫోను మోగింది. అవతల బండి స్టార్టయి ఉంది. దాని చప్పుడు మీదుగా, దూరం పోయిన తోటి డ్రైవర్లని ముప్పై ఏళ్లుగా అడుగుతున్నట్టే అడిగాడు జానయ్య.

"ఏడున్నవ్ రా?"

"ఇంక ఎల్బీనగర్ గూడ దాటలే నాయినా."

"కానీ. బండి ఆపకు. రేపు మళ్ల జేస్త."